కాశీలో నిద్ర ఏ పేటలో?

కాశీకి టికెట్లు తీసుకున్నామని చెప్పగానే తెలుగు ఇళ్లలో వచ్చే మొదటి ప్రశ్న "ఎక్కడ దిగుతున్నారు?" ఇంతకు ముందు వెళ్లొచ్చినవాళ్ల దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. విశ్వనాథుడి గుడికి దగ్గరలో చూసుకోండి, నడిచే బాధ ఉండదంటారు ఒకరు. కేదార్ ఘాట్‌లో దిగండి, అంతా తెలుగే, భోజనానికి వెతుక్కోనక్కర్లేదంటారు ఇంకొకరు. కుర్రవాళ్లయితే అస్సీ పేరు చెబుతారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లి అవస్థపడినవాళ్లు కంటోన్మెంట్‌లో లిఫ్టు ఉన్న హోటలే మేలంటారు.

నాలుగు సలహాల్లోనూ నిజముంది. అయితే ఇందరూ కొలిచేది దూరాన్నే. గుడికి ఎంత దూరం, అన్నానికి ఎంత దూరం, ఆటోకి ఎంత దూరం అని. అస్సీ నుంచి ఆదికేశవం దాకా కాశీ ఘాట్ల వరుస మొత్తం 7 కిలోమీటర్లకు మించదు. ఓపికున్న మనిషి పగటిపూట ఏ పేట నుంచి ఏ పేటకైనా వెళ్లి రాగలడు. పగలు ఊరంతా అందరిదీ. తెల్లవారుజామూ, ఊరు సద్దుమణిగాక వచ్చే రాత్రీ మాత్రం మనం పక్క వేసుకున్న పేటవే. ఆ రెండు వేళల్లో ఏ పేట ఏమిస్తుందో చూసి దిగే చోటు ఎంచుకోవాలన్నది నా వాదన. కాశీ పేటలను పక్కపక్కన పెట్టి ఈ కొలతతోనే చూస్తాను.

ఈ కొలత మనవాళ్లకు కొత్త కాదు. దర్శనంతోనే కాశీయాత్ర పూర్తయిందని మన పెద్దలు అనుకోలేదు. అక్కడ నిద్ర చేయాలన్నారు. ఒక రాత్రి, మూడు రాత్రులు, వీలైతే తొమ్మిది రాత్రులు. తొమ్మిది నెలల గర్భవాసానికి తొమ్మిది రాత్రుల కాశీవాసం సరి అన్నది వాళ్ల లెక్క. 1830లో మద్రాసు నుంచి బయల్దేరి 1831లో తిరిగొచ్చిన ఏనుగుల వీరాస్వామి తన 'కాశీయాత్ర చరిత్ర'లో దిగడానికి చోటుందా, మంచినీళ్లున్నాయా, అంగళ్లున్నాయా అని మజిలీ మజిలీకీ రాసిపెట్టాడు. మధిర సుబ్బన్న దీక్షితులు 'కాశీ మజిలీ కథలు' అల్లినప్పుడు కథలన్నీ ఆగిన చోట్లలోనే చెప్పించాడు. ఎక్కడ ఆగామన్నదాన్ని యాత్రలో భాగంగానే చూసిన సంప్రదాయం మనది. రైళ్లు, విమానాలు వచ్చాక మనం ఆ సంగతిని గది అద్దె లెక్కకు కుదించుకున్నాం.

మూడు పేటలు, ఒకే ఏరు

గంగ కాశీ దగ్గర ఉత్తరముఖంగా వంపు తిరిగి పారుతుంది. ఊరంతా పడమటి గట్టున ఉంది. ఎదుటి గట్టు చాలామేరకు ఇసుక తిన్నె. అందుకే ఏ ఘాట్ మెట్ల మీద కూర్చున్నా కంటికి అడ్డం లేకుండా పొద్దు పొడుస్తుంది. క్షేత్రాన్ని పూర్వులు మూడు ఖండాలుగా చెప్పారు. ఉత్తరాన ఓంకార ఖండం, నడుమ విశ్వేశ్వర ఖండం, దక్షిణాన కేదార ఖండం.

ఈనాటి యాత్రికులు దిగే పేటలు కూడా ముఖ్యంగా మూడు. మొదటిది గోదౌలియా కూడలి నుంచి దశాశ్వమేధ ఘాట్ దాకా, అక్కడి నుంచి విశ్వనాథ గల్లీ, మణికర్ణిక దాకా పరుచుకున్న నడిబొడ్డు. రెండోది సోనార్‌పురా రోడ్డు నుంచి ఏటివైపు దిగే సందులు. కేదార్ ఘాట్, మానససరోవర్ ఘాట్, పాండే హవేలీ ఇందులోకి వస్తాయి. మూడోది దక్షిణపు కొసన ఉన్న అస్సీ. దాని వెనకే లంక కూడలి, బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం. గట్టు వెంట నడిస్తే కేదారం నుంచి దశాశ్వమేధానికి సుమారు కిలోమీటరు. అస్సీ నుంచయితే రెండున్నర, మూడు కిలోమీటర్లు పడుతుంది.

తెల్లవారుజాము

మూడు పేటల్లోనూ ఒకే పొద్దు పొడుస్తుంది. దాని ముందు జరిగే పనులు వేరు.

గోదౌలియా పేటకు తెల్లవారుజాము గుడితో మొదలవుతుంది. విశ్వనాథుడి మంగళహారతి ఇంకా చీకటి ఉండగానే, మూడు గంటల వేళకే. అస్సీలో పడుకున్నవాడు దానికి అర్ధరాత్రి దాటగానే లేచి, ఆటో వెతుక్కుని, బండ్లు ఆపేసే చోట దిగి నడవాలి. విశ్వనాథ గల్లీ చుట్టుపక్కల పడుకున్నవాడికి స్నానం చేసి చెప్పులు విడిచి నడిస్తే చాలు. వారాహి అమ్మవారి గుడి సంగతీ అంతే. తెల్లవారకముందే తెరిచి, పొద్దెక్కేలోగా మూసేస్తారు. విశాలాక్షి, అన్నపూర్ణ, వారాహి దర్శనాలు ఒకే ఉదయం తాపీగా కావాలంటే ఈ పేటను మించింది లేదు. కానీ ఇక్కడి తెల్లవారుజాములో ఏరు రెండోది. క్యూలో నిలబడి బయటికొచ్చేసరికి ఎండ మెట్ల మీద పరుచుకుని ఉంటుంది.

కేదారంలో గుడీ ఏరూ ఒకే మెట్ల వరుసకు రెండు కొసలు. గంగలో మునిగి, తడిబట్టతో నిట్టనిలువు మెట్లెక్కితే నేరుగా గౌరీ కేదారేశ్వరుడి ముందుకు వస్తాం. తెలుపు ఎరుపు పట్టెల గోడలు చూస్తే దక్షిణాది గుడి ఒకటి గంగ గట్టుకు వచ్చినట్టే ఉంటుంది. గుడి బాగోగులు చూసేది తమిళనాట తిరుప్పనందాళ్ కాశీమఠం సంప్రదాయం వారు. వాళ్ల కుమారస్వామి మఠం అక్కడే ఉంది. ఐదు గంటలకు మెట్ల మీద సంకల్పాలు చెప్పే గొంతుల్లో తెలుగు వినిపిస్తుంది. పడవవాళ్లు కూడా తెలుగులోనే పిలుస్తారు. ఈ పేట తెల్లవారుజాము స్నానం చేసేవాళ్లది, తర్పణం వదిలేవాళ్లది. చూడ్డానికి వచ్చినవాళ్లకంటే పని మీద వచ్చినవాళ్లే ఎక్కువ. అందుకే ఇక్కడ ఎవరూ ఎవరికోసమూ ఏదీ ప్రదర్శించరు.

అస్సీలో 2014 నుంచి 'సుబహ్-ఎ-బనారస్' పేరుతో ఉదయపు కార్యక్రమం జరుగుతోంది. పొద్దు పొడవకముందు గంగ హారతి, వేదమంత్రాలు, ఆ తర్వాత శాస్త్రీయ సంగీతం, యోగా. ఘాట్ విశాలంగా ఉంటుంది, కూర్చోడానికి చోటుంటుంది, మెట్లు తక్కువ. సంగీతం బాగుంటుంది కూడా. అయినా అది ఏర్పాటు చేసిన ఉదయం. మైకు ఎప్పుడు మోగుతుందో, ఎప్పుడు ఆగుతుందో ముందే తెలుసు. అస్సీలో దిగినవాళ్లకు నా సలహా, హారతి కాగానే ఉత్తరంగా నాలుగడుగులు వేసి తులసీ ఘాట్‌కు వెళ్లమని. 1623లో తులసీదాసు తనువు చాలించిన చోటు అది. పైన అఖాడాలో కుస్తీ కసరత్తు, దాని వెనక సందులో లోతైన మెట్ల బావిలా లోలార్క కుండం. అక్కడ చూపించడానికి ఎవరూ ఉండరు కనుక చూడ్డానికి చాలా ఉంటుంది.

ఈ మూడింటినీ తూచితే తెల్లవారుజాము విషయంలో కేదారానిదే పైచేయి. గోదౌలియాలో దర్శనం దొరుకుతుంది, అస్సీలో దృశ్యం దొరుకుతుంది. కేదారంలో మనం ఆ ఉదయంలో పాత్రలమవుతాం. నీళ్లలోకి దిగకుండా ఆ మెట్ల మీద ఊరికే నిలబడటానికి మనకే మొహమాటంగా ఉంటుంది.

రాత్రి

రాత్రి దగ్గరికి వచ్చేసరికి తూకం మారుతుంది.

దశాశ్వమేధంలో సాయంత్రపు గంగా హారతి కాశీకి ఇప్పుడు చిరునామా అయిపోయింది. మెట్ల మీదా పడవల్లోనూ ఇసుక వేస్తే రాలనంత జనం. దూరపు పేటల్లో దిగినవాళ్లు హారతి పూర్తవుతుండగానే లేస్తారు, గోదౌలియా రోడ్డు మీద ఆ జనమంతా ఒక్కసారిగా పడే ముందే బండి దొరకాలని. ఈ పేటలో గది ఉన్నవాడికి ఆ తొందర లేదు. తొమ్మిదిన్నరకు దీపపు సెమ్మెలు కడిగి లోపల పెడతారు. పూలమ్మే పిల్లలు మిగిలిన దొప్పలు లెక్కపెట్టుకుంటారు. పది దాటాక ఆవులూ, ఎక్కడా గది లేని సాధువులూ, నాలుగైదు పడవలూ మిగులుతాయి. హారతి చూడ్డానికి ఎక్కడినుంచైనా రావచ్చు. హారతి అయ్యాక ఘాట్ ఎలా ఉంటుందో చూడాలంటే ఇక్కడే పడుకోవాలి. గోదౌలియా పేట ఇచ్చే అసలు లాభం అదీ. గుడికి దగ్గర అన్న ఒక్క మాట చెప్పి ఈ పేటను పొగిడేవాళ్లు ఆ లాభాన్ని వదిలేస్తున్నారు.

ఈ పేటకు ఒక నష్టమూ ఉంది. 2021 డిసెంబరులో కాశీ విశ్వనాథ్ కారిడార్ ప్రారంభమైంది. 3,000 చదరపు అడుగుల్లో ఇరుక్కుని ఉన్న ప్రాంగణం దాదాపు 5 లక్షల చదరపు అడుగులకు పెరిగింది. దానికోసం 300కు పైగా కట్టడాలు కొని పడగొట్టారు. లాహోరీ టోలా లాంటి పాత పేటలు అందులో కలిసిపోయాయి. వృద్ధులకూ చక్రాల కుర్చీలవాళ్లకూ ఇది మేలే చేసింది, కాదనలేం. కానీ గుడిని ఆనుకుని సందుల్లో ఉండాలి, అర్ధరాత్రి గుమ్మం ముందు గంట వినబడాలి అన్న పాత ఆశతో ఇక్కడ గది తీసుకుంటే, గుడి పక్కన ఆ సందే ఉండకపోవచ్చు. పేట ఉన్న చోట ప్రాంగణం వచ్చింది. ప్రాంగణంలో రాత్రులు ఎవరూ కాపురముండరు.

కేదారంలో రాత్రి దక్షిణం నుంచి వస్తుంది. రెండు ఘాట్లు దాటితే హరిశ్చంద్ర ఘాట్. మణికర్ణిక తర్వాత కాశీలో రెండో దహనవాటిక. 1980ల నుంచి విద్యుత్ దహనవాటిక ఉన్నా కట్టెల చితులు ఆగలేదు. గాలి తిరిగితే పొగ వాసన గది దాకా వస్తుంది. "రామ్ నామ్ సత్య హై" అంటూ శవాన్ని మోసుకెళ్లే గొంతులు అర్ధరాత్రి రోడ్డు మీద వినిపిస్తాయి. కేదార ఖండంలో ప్రాణం పోతే, కాశీలో చనిపోయేవాళ్లకు భైరవుడు విధించే శిక్ష అయిన భైరవీ యాతన కూడా ఉండదని నమ్మిక. అందుకే ఆఖరి రోజులు ఇక్కడ గడపడానికి వచ్చే ముసలివాళ్లు తరతరాలుగా ఈ సందుల్లో కనిపిస్తారు. తొమ్మిది రాత్రుల నిద్ర ఈ పేటలో చేసినవాళ్లకు చావు సంగతి ఎవరూ ప్రవచనం చెప్పనక్కర్లేదు. ఇది అందరికీ సరిపడదు. చిన్నపిల్లలతో వచ్చినవాళ్లూ, ఈమధ్యే ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లూ హరిశ్చంద్ర ఘాట్‌కు మరీ దగ్గరగా కాకుండా మానససరోవరం, పాండే హవేలీ వైపు గది చూసుకోవడం మంచిది. తెలుగు సత్రాలు చాలావరకు ఆ వైపే ఉండటం మనవాళ్ల అదృష్టం.

అస్సీలో రాత్రి అంటే మాటలు. యూనివర్సిటీ కుర్రవాళ్లు, నాటకాలవాళ్లు, పరిశోధన పేరుతో వచ్చి ఉండిపోయిన విదేశీయులు, టీ కొట్టు దగ్గర రాజకీయం తేల్చకుండా ఇంటికి పోని పెద్దమనుషులు. హిందీ నవలాకారుడు కాశీనాథ్ సింగ్ 'కాశీ కా అస్సీ' మొత్తాన్ని ఆ టీ కొట్టు కబుర్ల మీద నిలబెట్టాడు. హిందీ తెలిసినవాళ్లకు ఇది పండగ, తెలియనివాళ్లకు గోల. ఏప్రిల్ ప్రాంతంలో సంకటమోచన్ హనుమాన్ గుడిలో సంగీతోత్సవం జరిగే రాత్రుల్లో మాత్రం అస్సీకి సాటి లేదు. పెద్ద పెద్ద విద్వాంసులు గుడి ఆవరణలో తెల్లవార్లూ పాడతారు, వాయిస్తారు. టికెట్ ఉండదు. మూడో జాములో కచేరీ విని నడిచి గదికి రాగలిగేది అస్సీ, లంక వైపు దిగినవాళ్లే.

అన్నం, భాష

తెలుగువాళ్లను కేదారానికి లాగేది అన్నం. దీన్ని తక్కువ చేసి మాట్లాడటం తగదు. ఆకలికి ఓర్చుకోలేక కాశీనే శపించబోయిన వ్యాసుణ్ణి శివుడు ఊరు దాటించిన కథను శ్రీనాథుడు మనకు తెలుగులో చెప్పిపెట్టాడు. కాశీలో వేళకు అన్నం దొరకకపోతే ఎంతటివాడికైనా మతి చెడుతుందన్న సంగతి మనకు అలా ముందే తెలుసు. మానససరోవర్ ఘాట్ దగ్గరి శ్రీరామతారక ఆంధ్రాశ్రమం, చుట్టుపక్కల ఉన్న ఇతర తెలుగు సత్రాలు యాత్రికులకు పప్పూ చారూ ఉన్న భోజనం పెడుతున్నాయి. చాలా చోట్ల పొద్దున్నే పేరు చెప్పి ఉంచాలి. తీర్థవిధులు చేయించే తెలుగు పురోహితులు ఈ పేటలోనే స్థిరపడ్డారు. పెద్దవాళ్లకు కార్యం చేయించడానికి వెళ్లేవాళ్లకు ఇక వేరే పేట గురించి ఆలోచించే పనే లేదు.

చిక్కు ఎక్కడంటే, ఆ సౌకర్యం మనల్ని బయటికి పోనివ్వదు. గది తెలుగు, భోజనం తెలుగు, పురోహితుడు తెలుగు, పడవవాడూ తెలుగే. వెయ్యికి పైగా కిలోమీటర్లు ప్రయాణం చేసి మన ఊరి వీధిలోనే తొమ్మిది రోజులు గడిపి వచ్చేవాళ్లు లేకపోలేదు. వాళ్లున్న సందుకు ఒక పక్క బెంగాలీ టోలా, ఇంకో పక్క బనారస్ పట్టు నేసే మదన్‌పురా ముస్లిం నేతపేట. చీర కొనడానికి దుకాణానికి వెళ్లి వస్తారు గాని, ఆ చీర నేసే వీధి తమ గదికి కూతవేటు దూరంలో ఉందని గమనించరు. దక్షిణంగా ఇంకాస్త నడిస్తే హనుమాన్ ఘాట్. తెలుగు కుటుంబంలో పుట్టి ఉత్తరాదికి పుష్టిమార్గం ఇచ్చిన వల్లభాచార్యులు చివరి రోజులు గడిపింది అక్కడే. తమిళ కవి సుబ్రహ్మణ్య భారతి కుర్రతనంలో 1898 నుంచి కొన్నేళ్లు ఉన్న ఇల్లూ అక్కడే. కేదారం గొప్పతనం అక్కడ తెలుగు వినబడటంతో అయిపోదు. ఇన్ని భాషలవాళ్లు ఒకే గట్టును పంచుకుని వందల ఏళ్లు బతికారన్నదే దాని గొప్ప.

గోదౌలియా పేటలో భోజనం ఊరిది. పొద్దున కచోరీ, జిలేబీ, చలికాలంలో పాలనురుగుతో చేసే మలయ్యో, చౌక్ వైపు వెళితే లస్సీ, ఠండాయీ. దక్షిణాది యాత్రికులకు ఇక్కడ కూడా పాత ఆసరాలు ఉన్నాయి. వీరశైవులకు జంగంవాడీ మఠం, తమిళులకు నాట్టుకోట్టై చెట్టియార్ల నగర సత్రం. కారమూ పులుపూ లేకుండా మూడు పూటలు గడపలేనివారికి రెండో రోజుకే విసుగు వస్తుంది. అస్సీలో మాత్రం అన్నిరకాల తిండీ దొరుకుతుంది, ఏదీ ఆ పేటకు ప్రత్యేకం కాదు. భాష విషయంలో అస్సీ వెనకే ఒక విశేషం ఉంది. మదనమోహన మాలవీయ 1916లో నెలకొల్పిన విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖ ఉంది. 1939 నుంచి 1948 దాకా ఆ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా ఉన్నది సర్వేపల్లి రాధాకృష్ణన్. యాత్ర తెలుగు కేదారంలో ఉంటే చదువు తెలుగు అస్సీ వెనక ఉంది. రెండిటికీ మధ్య రాకపోకలు తక్కువ.

కాళ్లు, కాలం

ఇప్పుడు దూరం సంగతి. విశ్వనాథుడి దర్శనానికి గోదౌలియాలోనే దిగాలన్న పాత సూత్రాన్ని కారిడార్ సగం కొట్టేసింది. లలితా ఘాట్ దగ్గర గంగా ద్వారం తెరిచాక, కేదారంలో దిగినవాడు గట్టు వెంట నడిచో, పడవ మాట్లాడుకునో ఏటివైపు నుంచే గుడికి చేరవచ్చు. రోడ్డు మీద గోదౌలియా రద్దీలో ఇరుక్కోవడంకంటే ఇదే సుఖం. మహాశివరాత్రికీ, శ్రావణ సోమవారాలకూ ఆ రోడ్లలోకి బండ్లను ఎలాగూ రానివ్వరు.

అయితే ఇది గంగ కిందికి దిగి ఉన్నప్పటి మాట. జులై నుంచి సెప్టెంబరు దాకా లెక్క తిరగబడుతుంది. నీళ్లు పెరిగితే ఘాట్లను కలిపే దారి మునుగుతుంది. ఒక ఘాట్ నుంచి ఇంకో ఘాట్‌కు గట్టు మీదుగా పోలేం. పడవలు ఆపేస్తారు. హారతి మెట్లు వదిలి పైకి, మిద్దెల మీదికి పోతుంది. చితులు కూడా పైకి జరుగుతాయి. కాశీలో గంగకు ప్రమాద స్థాయి 71.262 మీటర్లు. 1978లో అది 73.901 మీటర్లకు వచ్చింది. ఇలాంటి ఏళ్లలో మొదట దెబ్బ తినేది దక్షిణపు కొస. అస్సీ, నగ్వా వైపు పల్లపు వీధుల్లోకి అస్సీ వాగు నోటి నుంచి నీళ్లు ఎగదన్ని, వీధుల్లోనే పడవలు తిరుగుతాయి. పాత ఊరి నడిబొడ్డు మెరక మీద ఉంది. కాబట్టి వానాకాలంలో గోదౌలియా, చౌక్ పేటలకే ఓటు. అప్పుడు గుడికి దగ్గర అన్న పాత సూత్రం మళ్లీ నిజమవుతుంది. కేదారం ఆ రోజుల్లో మధ్యస్థం. సందులు మునగకపోవచ్చు గాని ఆ పేటకు ప్రాణమైన మెట్లు మునిగే ఉంటాయి.

మోకాళ్ల సంగతికొస్తే కేదారం కఠినం. మెట్లు నిలువుగా ఉంటాయి, సందుల్లోకి ఇ-రిక్షా కూడా పూర్తిగా రాదు, పాత భవనాల్లో లిఫ్టులు అరుదు. గోదౌలియాలో నేల సమంగా ఉన్నా చివరి నడక తప్పదు, సామాను మోసే మనిషిని మాట్లాడుకోవాలి. బండి దాదాపు ఘాట్ దాకా వచ్చేది అస్సీకే. నడవలేని తల్లిదండ్రులను తీసుకెళ్లేవాళ్లు కంటోన్మెంట్‌కు పరుగెత్తకుండా ముందు అస్సీని ఆలోచించాలి.

జాబితాలో వెనకబడ్డ రెండు చోట్లు

కంటోన్మెంట్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. స్టేషన్ దగ్గర, సారనాథ్‌కు అనువు, గదులు శుభ్రం. క్షేత్రానికి ఉత్తరపు హద్దయిన వరణ నదికి ఇవతలే కనుక శాస్త్రం ప్రకారం అక్కడి నిద్ర కూడా కాశీ నిద్రే. కానీ నా కొలతలో అది నిలవదు. అక్కడి తెల్లవారుజాము ఏ ఊరి హోటల్లోనైనా దొరికేదే. వైద్యావసరం ఉన్నవాళ్లకూ, ఒక్క రాత్రి ఉండి పొద్దున్నే రైలెక్కేవాళ్లకూ అది సరైన చోటు.

ఉత్తరాన ఉన్న పంచగంగ సంగతి వేరు. గదులు తక్కువ, సందులు ఇరుకు, మెట్లు ఎక్కువ. తెలుగు యాత్రికులు పగలు పడవలో చూసి వెనక్కి తిరుగుతారు. చిత్రమేమంటే కాశీలో తెలుగు జ్ఞాపకం దట్టంగా ఉన్నది ఈ పేటలోనే. కోనసీమ ముంగండ నుంచి వెళ్లిన పండితరాజ జగన్నాథుడు ఇక్కడి మెట్ల మీద కూర్చుని గంగాలహరి చదువుతుంటే, శ్లోకానికొక మెట్టు చొప్పున గంగ పైకొచ్చిందని కథ. విజయనగరం ప్రాంతం నుంచి వెళ్లి కాశీవాసిగా 1887లో సిద్ధి పొందిన త్రైలింగ స్వామి మఠం కూడా పంచగంగ పక్కనే. బిందుమాధవుడి గుడీ, గట్టు మీద ఔరంగజేబు కాలపు మసీదూ ఒకే మెట్ల పైన ఉన్నాయి. కార్తికంలో ఆకాశదీపాలు వెదురు గడల మీద వేలాడేదీ ఇక్కడే. మనవాళ్లు నిద్ర చేసే పేట ఒకటి, మనవాళ్ల చరిత్ర పడుకున్న పేట ఇంకొకటి. రెండోసారి, మూడోసారి వెళ్లేవాళ్లకు ఇక్కడ గది వెతుక్కోమని గట్టిగా చెబుతాను.

తీర్పు

ఒక్కటే రాత్రి ఉంటే గోదౌలియా పేటలో దిగాలి. రాత్రి హారతి, అది ముగిశాక ఘాట్, చీకటితోనే మంగళహారతి, ఆ వెంటనే వారాహి. ఒక రాత్రికి ఇంతకంటే ఎక్కువ ఇచ్చే పేట కాశీలో లేదు. వానాకాలమైతే ఎన్ని రాత్రులైనా ఇదే.

మూడు రాత్రులూ, అంతకు మించీ ఉండేవాళ్లకు, అందులోనూ మొదటిసారి వెళ్లేవాళ్లకు కేదారం. గోదౌలియాకూ అస్సీకీ మధ్యన ఉన్నందుకు కాదు, అక్కడి తెల్లవారుజామూ రాత్రీ రెండూ నిజమైనవైనందుకు. ఒక నియమం మాత్రం పెట్టుకోవాలి. రోజుకు ఒక పూట భోజనం, ఒక పూట నడక తెలుగు వినపడని చోట చేయాలి. అది చేయలేనివాళ్లకు ఆ పేట సౌకర్యంగానే మిగిలిపోతుంది.

అస్సీ రెండో యాత్రకు, లేదా నడవలేనివాళ్లకు, లేదా సంగీతం కోసం వెళ్లేవాళ్లకు. మొదటి యాత్రలోనే అస్సీలో దిగితే కాశీ తేలికగా, సరదాగా కనిపిస్తుంది. అది అబద్ధం కాదు గాని ఊరిలో సగమే. బరువైన సగాన్ని ముందు చూసినవాళ్లకే అస్సీ కబుర్లు రుచిస్తాయి.

రాత్రులను పేటలకు పంచుకుందాం, కేదారంలో ఒకటి, అస్సీలో ఒకటి, గోదౌలియాలో ఒకటి అనేవాళ్ల మాటతో నేను ఏకీభవించను. కొత్త పేటలో మొదటి తెల్లవారుజాము దారి వెతుక్కోవడంతోనే సరిపోతుంది. ఏ సందు ఏ మెట్లకు దిగుతుందో, టీ ఎక్కడ ముందు తెరుస్తారో, ఏ మలుపులో ఎద్దు పడుకుంటుందో తెలిశాక, రెండో ఉదయం నుంచే ఆ పేట మనల్ని లోపలికి రానిస్తుంది. మూడు పేటల్లో మూడు రాత్రులు గడిపినవాడు మూడుసార్లు కొత్తవాడిగానే ఉండిపోతాడు. పెద్దలు తొమ్మిది రాత్రులన్నది పుణ్యం లెక్కే కావచ్చు. పేటతో పరిచయానికి కూడా దాదాపు అంత కాలమే పడుతుంది. అంత తీరిక లేనివాళ్లు చూడాల్సిన గుళ్ల పట్టికలో కొన్ని కొట్టేసినా ఫరవాలేదు, ఒకే గదిలో ఇంకో రాత్రి ఉండాలి.